పిల్లలతో కలిసి ఫ్రేము కట్టిన నల్లబల్ల

విజయవాడ సత్యనారాయణపురంలో మేం ఉండేది అద్దె ఇల్లు. మా చిన్నోడు రెండో తరగతి, వాడికి కాగితం కంటే గోడ ఇష్టం, క్రేయాన్ చేతికి దొరికితే చాలు హాలు గోడ నిండా బస్సులు గీసేస్తాడు. అద్దె కోసం వచ్చినప్పుడల్లా ఓనర్ గారు ఆ బస్సుల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూస్తారు, నోటితో ఏమీ అనరు. బోర్డు ఒకటి కొనిపడేద్దాం అనుకుంటుంటే ఐదో తరగతి చదివే మా పెద్దది "మనమే చేద్దాం నాన్నా, సెలవులేగా" అంది. సరే అన్నాను. రెండు వారాంతాలు పట్టింది, మధ్యలో ఒక తప్పు నేను చేశాను, అది కూడా చెప్తాను. రంపం పట్టడం కొంచెమైనా వచ్చినవాళ్ళెవరైనా చేసుకోవచ్చు.

ముందు సైజు. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు చాలు. ఇంతకంటే పెద్దదైతే బరువు, చిన్నదైతే ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడి రాయలేరు, ఇక గొడవలు. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులకు నాలుగడుగులు ఉంటుంది, మనకు కావాల్సింది అందులో ఐదో వంతు కూడా కాదు కాబట్టి షాపులో కట్ పీసులు ఉన్నాయా అని అడగండి, చాలాచోట్ల మూలన పేర్చి ఉంటాయి. మందం 9 ఎంఎం తీసుకోండి. 6 ఎంఎం అయితే పిల్లలు చేత్తో నొక్కి రాసేటప్పుడు మధ్యలో లోపలికి పోతుంది, 12 ఎంఎం అయితే గోడకు తగిలించడానికే భయమేస్తుంది. ఇంట్లో వాడుకునేదానికి మామూలు తేమను తట్టుకునే ఎంఆర్ గ్రేడ్ సరిపోతుంది, మీ గోడకు వానాకాలం చెమ్మ దిగుతుంటే మాత్రం ఇంకాస్త పెట్టి నీటిని ఇంకా బాగా తట్టుకునే బీడబ్ల్యూఆర్ గ్రేడ్ తీసుకోండి. చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్ నున్నగా ఉంటుంది, పెయింట్ కూడా బాగా పడుతుంది, కానీ నీళ్ళు తగిలితే ఉబ్బిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన సింగ్‌నగర్ వాళ్ళకు చెక్కపొడితో చేసిన బీరువాలు ఏమవుతాయో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫ్రేముకు రీపర్లు, అంటే సన్నటి పొడుగు చెక్క పట్టీలు కావాలి. రెండంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్నవి, చిత్రిక పట్టినవే అడగండి. ఏడడుగుల ముక్కలు రెండు సరిపోతాయి. ఒకదాంట్లో పొడుగు ముక్కలు రెండూ వస్తాయి, రెండోదాంట్లో పొట్టి ముక్కలు రెండు, సుద్దముక్కలు పెట్టుకునే పట్టీ వస్తాయి, రెండింట్లోనూ తలా ఒక తుండు మిగులుతుంది. దాంతో పని ఉంది, పారేయకండి. టేకు అయితే అందంగా ఉంటుంది, కానీ పిల్లలు కోయాలంటే పైన్ చెక్క మెత్తగా ఉంటుంది.

ఆటోనగర్‌లో తెలిసినవాళ్ళుంటే మెషిన్లు, స్పేర్ పార్టులు వచ్చిన ప్యాకింగ్ పెట్టెల చెక్క దొరకొచ్చు. మంచిదే, కాకపోతే రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, లోపల విరిగిన మేకులు దాక్కుని ఉంటాయి, రంపం పళ్ళు పోతాయి. రెండోది, విదేశాల నుంచి వచ్చిన పెట్టెల మీద ఒక ముద్ర ఉంటుంది, అందులో హెచ్‌టీ అని ఉంటే వేడితో పురుగు చంపిన చెక్క, తెచ్చుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించిన చెక్క, దాన్ని పిల్లల దగ్గరకు రానివ్వద్దు. అలాగే అటక మీద పాత తలుపు రెక్క ఉంది కదా, దాన్ని గీకి వాడేద్దాం అని నాకూ అనిపించింది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో ఎంత ఉందో కంటికి కనపడదు, గీకితే ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకే పోతుంది. పాత తలుపు అటక మీదే ఉంది.

ఇవి కాక ఫెవికాల్, ముప్పావు అంగుళం స్క్రూలు ఓ పాతిక, అంగుళంన్నర స్క్రూలు నాలుగు, సన్న బీడింగ్ మూడడుగులు, 80, 120, 220 నంబర్ల శాండ్ పేపర్, లప్పం, మాస్కింగ్ టేపు, చిన్న స్పాంజ్ రోలర్ తెచ్చుకోండి. రంపం, మూలమట్టం, డ్రిల్లు మాకు పక్కింటి మేస్త్రీ ఇచ్చారు. "పిల్లల చేతికి రంపం ఇస్తారా సార్" అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ ఇచ్చారు.

ఇక కొలతలు. పొడుగు ముక్కలు రెండూ 36 అంగుళాలు, వాటి మధ్యలో పొట్టి ముక్కలు నిలువుగా కూర్చుంటాయి. మూలల్లో ఫొటో ఫ్రేములకు కోసినట్టు ఏటవాలుగా కోయాలని చూడకండి, 45 డిగ్రీల కోత పెద్దవాళ్ళకే సరిగ్గా కుదరదు, ఎనిమిది కోతల్లో ఒక్కటి తేడా వచ్చినా నాలుగు మూలలూ నోరు తెరుస్తాయి. నిటారుగా కోసి ఒకదానికొకటి ఆనిస్తే చాలు. మరి పొట్టి ముక్క ఎంత? బల్ల ఎత్తు 24, పైన రెండు, కింద రెండు పోతే 20 అని నేను నోటిలెక్క వేసేసి, ఒక ముక్క కోసేశాను కూడా. మా పెద్దది టేపు తెచ్చి రీపర్ మీద పెట్టి "నాన్నా, ఇది రెండు కాదు, ఒకటీ ముప్పావు ఉంది" అంది. నిజమే, రెండంగుళాల రీపర్ అని షాపువాడు అమ్మేది చిత్రిక పట్టకముందు లెక్క, పట్టాక పావు అంగుళం పోతుంది. అంటే పొట్టి ముక్క ఇరవైన్నర ఉండాలి. కోసిన ముక్క పెరగదు కదా, మేస్త్రీ వచ్చి చూసి నవ్వి, రెండో ముక్కనీ ఇరవైకే కోయించి, ప్లైవుడ్ ఎత్తునే అర అంగుళం తగ్గించేశారు. మా బల్ల ఇరవై మూడున్నర. కాబట్టి కొన్న రీపర్ వెడల్పు మీ పిల్లలచేత కొలిపించండి, రెండుతో హెచ్చించి బల్ల ఎత్తులోంచి తీసేయమనండి, ఆ తర్వాతే రంపం. తీసివేతల్లో భిన్నాలు ఎందుకు నేర్చుకోవాలో వాళ్ళకు ఆ రోజు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

కోసేటప్పుడు బెంచీ లేదని ఆగిపోకండి. మెట్టు ఉంటే చాలు. రీపర్‌ని మెట్టు అంచు మీద పెట్టి, కోసే గీత అంచుకు అవతల రెండంగుళాల దూరంలో ఉండేలా చూసి, మోకాలితో అదిమి పట్టుకోండి. పెద్దపిల్లలు ఎనిమిదేళ్ళు దాటితే రంపం పట్టొచ్చు, మీ చెయ్యి వాళ్ళ చెయ్యి వెనకే ఉండాలి. మొదట నాలుగైదు సార్లు వెనక్కి మెల్లగా లాగితే గీత మీద చిన్న గాడి పడుతుంది, ఆ తర్వాత రంపం దానంతటదే దారి పట్టుకుంటుంది. బలంగా నొక్కితే రంపం వంగిపోతుంది, పిల్లలు చేసే తప్పు ఇదొక్కటే, "రంపం బరువు చాలు, నీ బరువు వద్దు" అంటే అర్థమైపోతుంది. చివరి అంగుళంలో మాత్రం రెండో చివరను ఇంకొకరు పట్టుకోవాలి, లేకపోతే కింద పెచ్చు ఊడుతుంది. చిన్నోడికి రంపం ఇవ్వలేదు, ఏడ్చాడు, వాడికి పెన్సిల్‌తో గీతలు గీసే పని, రంపపు పొట్టు అంతా ఒక డబ్బాలోకి ఎత్తే పని ఇచ్చాం. ఆ పొట్టు తర్వాత కావాలి.

శాండ్ పేపర్ పని మొత్తం పిల్లలదే. కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి ఇవ్వండి, వేళ్ళు నొప్పి పుట్టవు. చెక్క చార ఎటుంటే అటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడి పెయింట్ వేశాక ఇంకా బాగా కనపడతాయి. రీపర్లకు 80తో మొదలుపెట్టి 120, ఆఖర్న 220. ప్లైవుడ్ మీద గుంటలుంటే లప్పం పెట్టి, ఆరాక 120తో, తర్వాత 220తో. అయిందా లేదా అన్న పరీక్ష మావాళ్ళే కనిపెట్టారు, కళ్ళు మూసుకుని అరచెయ్యి నిమిరితే ఎక్కడ గరుకుందో తెలిసిపోతుంది. ముక్కుకు మాస్కులు పెట్టి, ఆరుబయటే చేయించండి. బయట అన్నాను కదా అని పదకొండింటికి కూర్చోబెట్టకండి, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మేం పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక తప్ప డాబా ఎక్కలేదు.

ఇప్పుడు పెయింట్, ఈ పనిలో అసలు మజా ఇక్కడే. సుద్దముక్క రాయాలంటే బల్ల నున్నగా ఉండకూడదు. కంటికి కనపడనంత గరుకు ఉంటేనే సుద్ద అరిగి అక్కడ అంటుకుంటుంది, నిగనిగలాడే ఎనామిల్ వేస్తే జారిపోతుంది. షాపుల్లో బ్లాక్ బోర్డ్ పెయింట్ అనే డబ్బా దొరుకుతుంది. అందులో నూనె పెయింట్ రకమైతే గట్టిగా ఉంటుంది గానీ వాసన ఘాటు, బ్రష్షు కడగాలంటే టర్పెంటైన్ కావాలి, అది పెద్దవాళ్ళే వేయాలి. పిల్లలతో వేయించాలంటే ఇంట్లోనే కలుపుకోవచ్చు. మెరుపు లేని నల్ల ఎమల్షన్, అంటే నీళ్ళతో కలిపే గోడ రంగు ఎనిమిది వంతులు, టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్ పొడి ఒక వంతు, ఇసుక కలవని రకం, వీలైతే నల్లదే. తెల్ల గ్రౌట్ కలిపితే బల్ల బూడిద రంగుకు తిరుగుతుంది. అర టీ గ్లాసు పెయింట్ ఒక కోటింగ్‌కి సరిపోయి ఇంకా మిగులుతుంది, ఎప్పటికప్పుడు ఆ కోటింగ్‌కే కలుపుకోండి, నిలవ ఉంచితే గట్టిపడుతుంది. పొడి మాత్రం మీరే కలపండి, అందులో సిమెంటు ఉంటుంది, కంట్లో పడితే మంట. ఉండలు లేకుండా పాత బట్టలో వడకడితే మంచిది.

మేం ఇలా కలుపుతుంటే మా నాన్న వచ్చి కుర్చీ వేసుకు కూర్చున్నారు. ఆయన తెనాలి దగ్గర పల్లెలో టీచరుగా చేశారు. వాళ్ళ బడిలో పెయింట్ డబ్బా ఎరగరట, శనివారం పూట పిల్లలచేతే దొండాకు తెప్పించి, బొగ్గుతో కలిపి నూరించి, ఆ పసరు బల్లకు పట్టించేవారట. ఇంట్లో పలకలకూ అదే. మా పిల్లలు ఊరుకుంటారా, పెరట్లో దొండపాదు ఉన్న ఎదురింటి పిన్నిగారిని అడిగి గుప్పెడు ఆకు తెచ్చి, మిగిలిన ప్లైవుడ్ ముక్క మీద పూసి చూశారు. నల్లగానే వచ్చింది, సుద్దతో రాస్తే అక్షరం పడింది కూడా, తడిగుడ్డ పెట్టేసరికి సగం పోయింది. అందుకేగా వారం వారం పూసేది అన్నారు నాన్న.

పెయింట్ వేసేది ఫ్రేము బిగించకముందే. ఇది చాలామంది తిరగేసి చేస్తారు, తర్వాత ఫ్రేము అంచులన్నీ నల్లమరకలు. అయితే బల్ల మొత్తం పెయింట్ వేసేసినా ఇబ్బందే, పెయింట్ మీద ఫెవికాల్ సరిగ్గా పట్టదు. అందుకని చుట్టూ అంగుళంన్నర వెడల్పున మాస్కింగ్ టేపు వేయండి. ఫ్రేము ఒకటీ ముప్పావు కదా, పావు అంగుళం పెయింటు ఫ్రేము కిందకు పోతుంది, మిగిలిన రంగు పడని చెక్కకు ఫెవికాల్ పడుతుంది. ముందు ఒక చెయ్యి వుడ్ ప్రైమర్, నీళ్ళతో కలిపే రకం. ఆరాక 220తో పైపైన రుద్ది తుడిచి, నల్ల పెయింట్ మొదటి కోటింగ్ అడ్డంగా, రెండోది నిలువుగా, మూడోది మళ్ళీ అడ్డంగా. ప్రతి కోటింగ్‌కీ మధ్య కనీసం నాలుగు గంటలు. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కదా అనుకుంటాం, మా మొదటి కోటింగ్ అలాగే చేస్తే రోలర్ తిరిగేలోపే ఎండిపోయి చారలు తేలింది, నీడలోనే వేయండి. ప్లైవుడ్ వెనక వైపు, పక్క అంచులు కూడా ఒక చెయ్యి వేసేయండి, చెమ్మ లోపలికి పోయేది ఆ అంచుల్లోంచే. ఫెవికాల్ పడాల్సిన ముందు వైపు చుట్టూ ఉన్న పట్టీ మాత్రం రంగు పడకుండానే ఉండాలి.

ఆ తర్వాత మూడు రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. ఈ మూడు రోజులే కష్టం. చిన్నోడు గంటకోసారి వెళ్ళి వేలు పెట్టి చూసి వచ్చేవాడు, మూలన ఇప్పటికీ వాడి వేలిముద్ర ఒకటి ఉంది.

రెండో వారాంతం ఫ్రేము. ప్లైవుడ్ మీద నాలుగు ముక్కలూ పేర్చి, ఫెవికాల్ లేకుండానే ఒకసారి సరిచూసుకోండి. మూలమట్టం లేకపోయినా ఫరవాలేదు, ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పెట్టి కొలవండి, తర్వాత ఇంకో జత మూలలు. రెండూ సమానంగా వస్తే చట్రం మట్టానికి ఉన్నట్టు. 36కి 24 బల్లకు అది 43 అంగుళాల పావు రావాలి, మా ఇరవై మూడున్నర బల్లకు 43 వచ్చింది. పెద్దపిల్లలకు పైథాగరస్ చెప్పాలనిపిస్తే చెప్పండి, నేను మొదలుపెట్టేలోపే మావాళ్ళు ఫెవికాల్ మూత తీసేశారు. ఫెవికాల్ పల్చగా రాసి ముక్కలు పెట్టి, బరువులు పెట్టి, పిండినప్పుడు బయటకొచ్చిన జిగురు వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి.

ఒక రాత్రి ఆగి, బల్లను తిరగేసి, వెనక నుంచి స్క్రూలు. ప్లైవుడ్ 9, రీపర్ 19, మొత్తం 28 ఎంఎం. స్క్రూ ముప్పావు అంగుళం కంటే పొడుగుంటే ముందు వైపు మొన తేలే ప్రమాదం ఉంది, పిల్లల చెయ్యి తగిలేది అక్కడే. పొడుగు వైపు నాలుగేసి, పొట్టి వైపు మూడేసి, మొత్తం పద్నాలుగు. ముందు సన్నటి డ్రిల్లు బిట్‌తో రంధ్రాలు చేయండి, లేకపోతే రీపర్ చీలుతుంది. బిట్ చుట్టూ 15 ఎంఎం దగ్గర టేపు ముక్క అంటించుకుంటే అంతకు మించి లోపలికి పోదు. డ్రిల్లు మీది, స్క్రూడ్రైవర్ పిల్లలది. స్క్రూ మొనకు కాస్త సబ్బు రాస్తే చిన్నచేతులకు కూడా తిరుగుతుంది.

మూలల్లో సన్నటి సందులు తప్పకుండా ఉంటాయి. దాచిన రంపపు పొట్టు ఇప్పుడు బయటకు తీయండి, ఫెవికాల్‌లో ముద్దలా కలిపి సందుల్లో కూరి, ఆరాక రుద్దేస్తే అదే చెక్క రంగులో కలిసిపోతుంది. మనకు ఇది కొత్త విద్యేం కాదు, ఇక్కడికి దగ్గర్లో కొండపల్లి వాళ్ళు పొణికి చెక్క బొమ్మలకు చేతులు, కాళ్ళు అతికించేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే. మావాళ్ళకు కొండపల్లి దశావతారాల సెట్టు చూపించి, అతుకు ఎక్కడుందో కనిపెట్టమన్నాను, ఒక్కటీ దొరకలేదు. మన అతుకులు మాత్రం పది అడుగుల దూరం నుంచి కూడా కనపడతాయి, అది వేరే సంగతి.

కింద సుద్దముక్కల పట్టీకి మిగిలిన రీపర్‌లోంచి 32 అంగుళాల ముక్క కోసి, ఫ్రేము అడుగున పడుకోబెట్టి, వెనక అంచులు సమంగా పెట్టి, కింద నుంచి అంగుళంన్నర స్క్రూలు నాలుగు బిగించండి. ముందుకు అర అంగుళం పైచిలుకు పొడుచుకు వస్తుంది, దాని అంచున బీడింగ్ ఫెవికాల్‌తో అంటిస్తే ముక్కలు దొర్లిపడవు. ఫ్రేముకు రంగు వేస్తారో, వార్నిష్ వేస్తారో మీ ఇష్టం.

బల్ల కింద భాగంలో తెల్ల పెయింట్‌తో శాశ్వతంగా గీతలు గీద్దాం అనుకుంటే ఒక్క మాట. ఇంగ్లిష్ నాలుగు గీతల కాపీ పుస్తకం చూసి గీయకండి. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు, రాష్ట్రం అని రాస్తే ష కింద రెండు వత్తులు వేలాడాలి, వాటికి చోటేది? సుద్దముక్క మొన కూడా లావుగా ఉంటుంది. గీతకూ గీతకూ మధ్య నాలుగంగుళాలైనా వదిలితే అక్షరం సుఖంగా కూర్చుంటుంది.

మొట్టమొదటిసారి రాసేముందు ఒక పని మర్చిపోవద్దు. సుద్దముక్కను అడ్డంగా పడుకోబెట్టి, బల్లంతా ఖాళీ లేకుండా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేయండి. పెయింట్‌లోని సన్న రంధ్రాల్లోకి సుద్దపొడి సమంగా దిగుతుంది. ఇది చేయకుండా నేరుగా రాస్తే ఆ మొదటి అక్షరాల నీడ ఎన్ని తుడుపులు తుడిచినా పోదు. పలక మీద రాసే బలపం మాత్రం దీని మీద వద్దు, అది పెయింటును గీరేస్తుంది.

తగిలించేటప్పుడు మన కళ్ళ ఎత్తు కాదు, పిల్లలది చూడాలి. కింది అంచు నేల నుంచి రెండున్నర అడుగులుంటే ఆరేళ్ళ పిల్లాడికి పై అంచు దాకా చెయ్యి అందుతుంది. బల్ల నాలుగైదు కిలోలుంటుంది, ఒక్క మేకుకు వేలాడదీయొద్దు, రెండు చివర్లా రెండు కొక్కేలు, గోడలో ప్లాస్టిక్ ప్లగ్గులు పెట్టి స్క్రూలు. వెనక నాలుగు మూలలా సీసా మూతలు అంటిస్తే గోడకూ బల్లకూ మధ్య గాలి ఆడుతుంది. ఓనర్ గోడకు రంధ్రం వద్దంటే దివాన్ మీద ఆనించి పెట్టుకోండి, మేం మొదట రెండు రోజులు అలాగే పెట్టాం. ఓనర్ గారు వచ్చి బల్ల చూసి, పక్కనున్న బస్సులు చూసి, తనే డ్రిల్లు తెస్తానన్నారు.

మిగిలిన రెండు తుండ్లు ఉన్నాయి కదా, నాలుగైదు అంగుళాలకు కోసి, అంచులు రుద్ది, పాత నూలు చీర ముక్కను ఆరేడు మడతలు వేసి ఫెవికాల్‌తో అంటిస్తే డస్టర్లు. తలా ఒకటి. ఒక్కటే చేద్దామని చూడకండి, మేం ఒక్కటే చేసి, సాయంత్రానికల్లా రెండోది చేశాం.